నందినికి రానివి

"నువ్వు తినకుంటే ఆ ముప్పై ఐదు నలభై అయితాదా నాయనా?"

మారుతి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆదెన్న కూడా ఏదో ఒకటి అనేవాడు, ఇద్దరికీ బరువు దిగేది. కొడుకు అంత మెల్లగా అడిగేసరికి ఆయన కంచం పక్కకు జరిపాడు. కంచంలో సంగటి ముద్ద చల్లారి పైన పొర కట్టింది.

అనంతపురం ఆసుపత్రి క్యాంపు నుంచి ముప్పై ఐదు శాతమని రాసిన ఆ కాగితం తెచ్చుకుని నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో కొత్తచెరువులోని ఆ ఇంట్లో మగ్గం చప్పుడు వినపడలేదు. పొద్దున్నే లేచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం, అడ్డపోగు తోసే నాడె చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ కింద పెట్టడం, ఇదే ఆదెన్న పని. కోపం వస్తే ఆయన తక్కువ మాట్లాడతాడు. బాధ కలిగితే అసలే మాట్లాడడు. ఆ రెండింటికీ తేడా కనిపెట్టగలిగింది ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే.

ఆమె కొడుకు వైపు గరిటె చూపించింది. "గమ్మున ఉండప్పా. ఆయప్ప చేసిన తప్పేముండాది? బిడ్డకు నాలుగు ముక్కలు నేర్పినాడు. నేర్పేది గూడా తప్పేనా?"

"నేర్పేది తప్పు కాదుమా. నేర్పినేదంతా ఆ డాక్టరు ముందర ఒప్పజెప్పించినాడు సూడు, అది తప్పు."

"ఐదు తక్కువొచ్చినాదని బడి పోగొట్టుకునే బిడ్డ మనింట్లోనే పుట్టల్ల" అంది పొయ్యి దగ్గరున్న మారుతి భార్య చంద్రిక. మామవైపు చూడకుండానే అంది. అయినా ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

వాళ్ళ వాదన అంతా ఎవరి గురించో ఆ ఎనిమిదేళ్ళ పిల్ల, నందిని, గుమ్మం దగ్గర కూర్చుని రంగు రంగుల దారపు కండెలు వరసగా పేర్చుకుంటోంది. నందినికి మాట ఆలస్యం. విన్నది మనసుకు ఎక్కడమూ ఆలస్యమే. కుడిచేతి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. మూడేళ్ళ కిందట డాక్టర్లు చూసి అరవై శాతం వైకల్యం అని రాసిచ్చారు. ఆ కాగితం చలవతోనే పాప బడి ఆవరణలో ప్రత్యేక పిల్లల కోసం ఉన్న రెండు గదుల సెంటరులో చేరింది. ఉమాదేవి టీచరు చేతికింద పడింది. శనివారం శనివారం చేతికి కసరత్తు, వచ్చిపోవడానికి ఆటో భత్యం, అన్నీ ఆ కాగితంతోనే.

గడువు తీరింది, మళ్ళీ చూపించుకోవాలన్నారు. నలభై శాతం కంటే తగ్గితే ఇవేవీ ఉండవు, అందరు పిల్లలతో పాటు మామూలు తరగతిలో కూర్చోవాల్సిందే. సెంటరులో చేరకముందు, ఐదేళ్ళప్పుడు, నందిని ఒక ఏడాది అలాగే కూర్చుంది. ఆ ఏడాదంతా ఆ పిల్ల నేర్చుకున్నది ఒకటే, మూలన ఎవరికీ అడ్డం లేకుండా ఉండడం.

ఇంత తెలిసినా ఆదెన్న ఏం చేశాడు?

అరవై దాటిన ఆ నేతగాడికి ఒక పద్ధతి ఉంది. చీర నేసి ధర్మవరం అంగడికి తీసుకుపోతే ముందు కొంగు పరుస్తాడు. ఎక్కడైనా పోగు తెగి అతుకు పడి ఉంటే ఆ మడత లోపలికి పోతుంది. ఇందులో మోసమేమీ లేదు, అంగడివాడికీ తెలుసు. పదిమంది ముందు సరుకును తక్కువ చేసి చూపించకపోవడం నేసినవాడి మర్యాద. సర్కారు డాక్టర్లు పిల్లను పరీక్ష చేస్తారని వినగానే ఆయన చేతనైన పని చేశాడు. ఇరవై రోజులు మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని పేరు, ఊరు, ఐదు రంగులు, పది అంకెలు నేర్పాడు. తప్పు చెబితే మళ్ళీ, సరిగ్గా చెబితే బెల్లం ముక్క. కొత్త గౌను వేయించి, నూనె పెట్టి రెండు జడలు వేయించి తీసుకుపోయాడు.

డాక్టరు ఏ ప్రశ్న వేశాడో ఏమో, అన్నీ తాత నేర్పినవే పడ్డాయి. నందిని టకటకా చెప్పేసింది. బయటికి వచ్చాక ఆదెన్న ఆసుపత్రి వరండాలోనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు, అంత సంతోషం. కాగితంలో ఏం రాశారో అప్పటికి చూడలేదు.

"గురువారం మళ్ళీ చూస్తామన్నారు గదా" అన్నాడు మారుతి, లేచి చెయ్యి కడుక్కుంటూ. "టీచరమ్మ అర్జీ పెట్టబట్టి ఇంగొక్క తూరి సూస్తాండారు. ఇదే ఆఖరు. ఈ తూరి ఏమడిగినా చెప్పగూడదు."

"ఎవురు?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"నందిని."

మారుతి పోయి కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. ధర్మవరంలో ఒక షావుకారు షెడ్డులో కూలికి నేస్తాడతను. ఈరోజు పనికి పోలేదు. ఇందుకోసమే పోలేదని ఇప్పుడు అందరికీ అర్థమైంది.

"అమ్మీ, నీ పేరేమి?"

నందిని కండె పక్కన పెట్టి, నిటారుగా కూర్చుని, "నన్...దిని" అంది. చెప్పి నవ్వింది.

"చెప్పగూడదు. పేరేమి అంటే గమ్మున ఉండల్ల. సరేనా? పేరేమి?"

పిల్ల ముఖం చిన్నబోయింది. తప్పు చెప్పానేమో అనుకుంది పాపం. ఈసారి ఇంకా గట్టిగా, "నన్దిని!" అంది. తండ్రి తల అడ్డంగా ఊపాడు. నందిని ఆలోచించి, ఇంకేం తక్కువైందో వెతుక్కుని, "కొత్తచెరువు" అని కలిపింది. అదీ చాలలేదు. "తాత ఆదెన్న. ఎర్రది, పచ్చది, నల్లది..." అంటూ కండెలు ఒక్కొక్కటే తీసి తండ్రి చేతిలో పెట్టసాగింది. తండ్రి ముఖంలో సంతోషం ఎంతకీ కనిపించకపోయేసరికి పెదవులు వణికాయి.

"ఇంగ సాలించప్పా!" చంద్రిక పరుగున వచ్చి బిడ్డను దగ్గరికి తీసుకుంది. "నీకు దండం పెడతా. రెండేండ్లకు గదా పేరు చెప్పింది అది!"

"నాకు మాత్రం బాగుండాదా? నా బిడ్డ నోరు నేను మూయిస్తాంటే నాకు బాగుండాదా?" మారుతి గొంతు అప్పుడు పెరిగింది. "సెంటరు పోతే ఏం చేస్తావో నువ్వే చెప్పు. మళ్ళ ఆ మూలన కూచోబెడతావా?"

చంద్రిక బిడ్డను వదిలి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె తగ్గింది. తగ్గడం చూసి మారుతి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆదెన్న అన్నీ వింటూ మగ్గం దగ్గరే ఉన్నాడు. లేచి వచ్చి కొడుకును ఆపాలనుకున్నాడు. ఏ ముఖం పెట్టుకుని ఆపాలి?

మధ్యాహ్నానికి నందిని నేర్చుకుంది. పేరేమని అడిగితే ఎడంచేత్తో నోరు మూసుకుంటుంది.

సాయంత్రం బడి వదిలాక ఉమాదేవి స్కూటీ వాకిట్లో ఆగింది. టీచరు వచ్చిందంటే నందిని ఎదురు పరిగెత్తడం రోజూ ఉండేదే. ఈరోజూ పరిగెత్తింది.

"ఏం తిన్నావు బంగారూ?"

నందిని ఎడంచెయ్యి నోటి మీదికి పోయింది.

ఉమాదేవి నవ్వింది, ఆటేమో అనుకుని. రెండోసారి అడిగింది. చెయ్యి దిగలేదు. ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది. అరుగు మీద కూర్చున్న మారుతి తలెత్తలేదు.

"ఎవరు నేర్పినారన్నా ఇది?"

"ఇంకేం చేయల్ల మేడమ్, నువ్వే చెప్పు."

"ఈ బిడ్డ నోరు తెరిపించడానికి నాకు రెండేండ్లు పట్టింది" అంది ఉమాదేవి. కోప్పడలేదు. ఆ గొంతులో కోపం కంటే మించినది ఏదో ఉంది. "ఒక్క పూటలో మూయించినారు."

సుబ్బలక్ష్మమ్మ చాప పరిచి, నీళ్ళు ఇచ్చి, పక్కనే కూలబడింది. "మా సంగతి ఉండనీ తల్లీ. మా పాప పేరు పోతే సెంటరులో తొమ్మిది మందే మిగుల్తారంట గదా. పది మంది లేకుంటే ఇంగో మండలంలో కలిపేస్తారంట గదా. ఆటో పిల్లోడు చెప్పినాడు. మరి నువ్వు?"

"నా సంగతి మాట్లాడనీకి రాలేదవ్వా." ఉమాదేవి చెంబు కింద పెట్టింది. కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది. ఆ ప్రశ్న తనను తాను ఎన్నిసార్లు వేసుకుందో ఆమె ముఖమే చెబుతోంది. "నా కోసమని అబద్ధం ఆడించినా ఇంగ ఆ బిడ్డ ముఖం ఎట్ల సూసేది? అబద్ధం అవసరమే లేదు. పోయినసారి బిడ్డకు వచ్చినవన్నీ చూపించినారు. రానివి ఎవరూ చూపించలేదు. ఆయన ముందర వందమంది ఉంటారు, ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. రోజంతా బిడ్డ ఎట్లుంటాదో ఆయనకెట్ల తెలుస్తాది? మనమే చెప్పల్ల. రాసుకొని పోదాం."

సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఒడిలో పెట్టుకుంది. "నందినికి ఏమేం రాదో చెప్పండి."

ఎంత చిన్న ప్రశ్న! అయినా ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న. రాని వాటిని దాచడమే నలుగురికీ అలవాటు. ఊరివాళ్ళ ముందు దాచారు, చుట్టాల ముందు దాచారు, చివరికి ఒకరి ముందు ఒకరు కూడా దాచుకున్నారు.

ముందు సుబ్బలక్ష్మమ్మ అంది. "కడుపు నొప్పొస్తే చెప్పదు. పోయి గోడకు ముఖం పెట్టుకొని కూచుంటాది. మనమే కనుక్కోవల్ల."

ఉమాదేవి రాసింది.

"హారన్ కొడితే పక్కకు రాదు" అన్నాడు మారుతి. "నడీరోడ్డులో నిలబడి చెవులు మూసుకుంటాది. రెండు తూర్లు చూసినా."

ఉమాదేవి రాసింది. చంద్రిక వైపు చూసింది. చంద్రిక కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ కూర్చుంది.

"ఉగాది ముందర..." అంది ఆఖరికి. "నీళ్ళ ట్యాంకరు వచ్చిందని బిందెలు తీసుకొని పోయినా. వాకిలి గొళ్ళెం వేసేది మర్చిపోయినా. వచ్చి సూస్తే పాప లేదు."

మారుతి తలెత్తాడు. ఈ మాట అతను మొదటిసారి వింటున్నాడు.

"బస్టాండులో ఉండాది. పుట్టపర్తి బస్సెక్కి కిటికీ కాడ కూచోనుండాది. ఎవురు అడిగినా నగుతాండాదంట, ఊరేదో చెప్పలేదంట. డ్రైవరు బండి స్టార్టు కూడా చేసినాడు. ఇంగ రొంచేపు ఆలస్యమైంటే..." చంద్రిక ఆగింది. "ఎవురికీ చెప్పలేదు. బిడ్డను చూసుకోలేకపోయినావని అంటారని చెప్పలేదు."

అందరూ మారుతి ఏమంటాడా అని చూశారు. అతను అరుగు దిగి వచ్చి చాప మీద భార్య పక్కన కూర్చున్నాడు. పెళ్ళయి పదేళ్ళయినా పెద్దవాళ్ళ ముందు అలా ఆనుకుని కూర్చున్నది లేదు. "నాకన్నా చెప్పల్ల గదా" అన్నాడు. చంద్రిక అప్పుడు ఏడ్చింది. నందిని వచ్చి తల్లి కళ్ళు తన కుడిచేతి మణికట్టుతో తుడవబోయింది.

"తాతా, మీరు?" అంది ఉమాదేవి.

ఆదెన్న నోరు తెరిచాడు. మనవరాలు తల తిప్పి ఆయన వైపు చూసింది, బెల్లం ముక్క ఇచ్చేటప్పుడు చూసే చూపు. ఆయన నోరు మూతపడింది. లేచి మగ్గం గదిలోకి పోయాడు. ఉమాదేవి బలవంతం చేయలేదు, రాసిన కాగితం చించి మారుతికి ఇచ్చింది.

గురువారం పొద్దున తొమ్మిదికి నందినితో పాటు మారుతి, చంద్రిక, ఆదెన్న అనంతపురం ఆసుపత్రి వరండాలో ఉన్నారు. పాపకు యూనిఫాం వేశారు. వేరే ఏదీ వేసుకోనని మొండికేసింది. మారుతి ఆ ఉదయమంతా "అడిగితే చెప్పమ్మా, ఏం కాదు, చెప్పు" అని బతిమాలాడు. నేర్పింది మరిపించడం నేర్పినంత తేలిక కాదని అతనికి తెలిసొచ్చింది.

పేరు పిలిచారు. "తోడు ఒక్కరే రావల్ల" అన్నాడు తలుపు దగ్గర మనిషి. చంద్రిక లేచింది. కానీ నందిని అప్పటికే తాత వేలు పట్టుకుని లాక్కుపోతోంది.

"నువ్వే పో మామా" అంది చంద్రిక. ఇన్ని రోజుల తర్వాత ఆయన కళ్ళలోకి చూసి అన్న మొదటి మాట అది. టీచరు రాసిన కాగితం ఆయన జేబులో పెట్టింది.

లోపల అదే డాక్టరు. నందినిని చూడగానే గుర్తుపట్టాడు. "ఓ, రంగుల పాప! పేరేంటమ్మా?"

నందిని ఎడంచేత్తో నోరు మూసుకుంది.

"ఇది ఏం రంగు?"

నోటి మీద చెయ్యి ఇంకా గట్టిగా బిగిసింది. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. పాత కాగితం చూశాడు, ఆదెన్నను చూశాడు. "చెప్పకూడదని ఎవరన్నారమ్మా?"

నందిని చెయ్యి తీసింది. అబద్ధం ఆడడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. "నాయన" అంది, మళ్ళీ మూసుకుంది.

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "పెద్దాయనా, బయట ఎనభై మంది ఉన్నారు. పోయినసారి అన్నీ నేర్పి తెచ్చారు. ఈసారి ఏమీ రానట్టు నేర్పి తెచ్చారు. నేను దేన్ని నమ్మి రాయాలి?"

ఆదెన్న ముఖం కందిపోయింది. యాభై ఏళ్ళుగా మగ్గం మీద బతికినవాడు, ఒక్కనాడూ ఒకరి చేత మాట పడలేదు. జేబులో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు ముట్టుకోలేదు. "రాసి తేవడం ఎవరైనా తెస్తారు. మీరు చెప్పండి. బిడ్డ మీ చేతుల్లోనే పెరిగింది కదా."

"రెండు తూర్లు తప్పు చేసినాం సార్" అన్నాడు ఆదెన్న. "మొదటిది నాది. బిడ్డను పదిమందిలో తక్కువ చేయగూడదని అన్నీ నేర్పించినా. నీ కాడ ఆ మాటలు చెప్పినాదే గానీ, అడిగేది రొంత మార్చి అడిగితే చెప్పలేదు సార్. బస్సులో కూచోబెట్టి నీ ఊరేదని అడిగితే దానికి తెలీదు." మనవరాలి తల నిమిరాడు. "పాపను బయట వాళ్ళమ్మ కాడికి పంపిద్దునా? దాని ముందర నాకు చెప్పనీకి రాలేదు."

"పాపను చూడకుండా నేనేం రాయాలి?" డాక్టరు గొంతు కొంచెం మెత్తబడింది. పెన్ను మూత తీశాడు. "ఒక్కటి చెప్పండి చాలు. చిన్నదైనా సరే."

చిన్నది. నందిని ఆయన మోకాలికి ఆనుకుని నిలబడి ఉంది. బస్సు రద్దీలో పాప చొక్కా పై గుండీ విడిపోయి ఉంది. అంతకంటే చిన్నది ఆయనకు కనిపించలేదు.

"గుండీ పెట్టుకునేది... రాదు సార్."

అంతవరకు వాళ్ళ మాటలేవీ పట్టించుకోని పిల్ల తలెత్తింది. 'రాదు' అన్న మాట ఆమెకు బాగా తెలుసు. బడిలో మూలన కూర్చున్న ఏడాదంతా విన్న మాట అది. తాత నోట మాత్రం ఎప్పుడూ వినలేదు.

"వచ్చు తాతా" అంది.

నోటి మీద చెయ్యి తీసేసింది. ఎడంచేత్తో చొక్కా అంచు పట్టుకుంది. బిగుసుకున్న కుడి వేళ్ళతో గుండీని అందుకుంది. జారింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ జారింది. ఆదెన్న చెయ్యి తనంతట తానే ముందుకు పోయింది, ఎనిమిదేళ్ళుగా పోతున్నట్టే.

"వద్దు పెద్దాయనా" అన్నాడు డాక్టరు. "చేసుకోనివ్వండి."

ఆదెన్న చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. బయట ఇంకెవరిదో పేరు పిలుస్తున్నారు. నందిని నాలుక కొస పెదవుల మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, వేళ్ళతో కాక మణికట్టుతో గుండీని నొక్కిపట్టి తోస్తోంది. డాక్టరు పెన్ను కాగితం మీద ఆనకుండా గాలిలోనే ఆగి ఉంది. కాజాలోంచి గుండీ అంచు, గోరంత, బయటికి కనిపించింది.

ఆదెన్న కళ్ళు మూసుకున్నాడు. దేవుణ్ణి ఏదైనా అడగాలంటే ఆయన ఏనాడూ తడుముకోలేదు. వానలు అడిగాడు, కొడుకు పెళ్ళి అడిగాడు, ఈ బిడ్డ బతికితే చాలని అడిగాడు. ఇప్పుడు ఆ గుండీ దూరాలని అడగాలో, దూరకూడదని అడగాలో ఆయనకు తెలియలేదు.

"తాతా, సూడు" అంది నందిని.

ఆయన కళ్ళు తెరవలేదు.